పొయ్యి అద్దం నల్లబడుతోంది, గది వేడెక్కట్లేదు: సమాధానం

గది వేడెక్కడానికి వాడే మీ కట్టెల పొయ్యి అద్దం తలుపు నల్లబడుతోందని, మీటర్‌లో మాత్రం కట్టెల తేమ 15 శాతమే వచ్చిందని అడిగారు. మీ కట్టెలు లోపల ఇంకా పచ్చిగానే ఉన్నట్టున్నాయండి. ఎనిమిది నెలలు ఆరబెట్టామన్నారు, కానీ చీల్చకుండా మొద్దులుగానే పేర్చారు. బెరడు తేమను త్వరగా బయటికి పోనివ్వదు. మంట వేడిలో కొంత భాగం ఆ నీళ్లను ఆవిరి చేయడానికే ఖర్చవుతోంది. అరకొరగా కాలిన పొగ అద్దానికి, పొగగొట్టానికి పట్టేస్తోంది.

1. తేమ మీటర్‌తో చూడండి. చాలామంది పొరబడేది ఇక్కడే: కట్టె చివర కొలుస్తారు. చివర్లు ముందే ఆరిపోతాయి, అందుకే మీకు 15 శాతమే చూపించి ఉంటుంది. ఒక కట్టెను మధ్యకు చీల్చి, అప్పుడే బయటపడిన లోపలి ముఖం మీద, నడిమధ్యన కొలవండి. అక్కడ 20 శాతం లోపు ఉండాలి.

2. ఎక్కువ వస్తే అన్నీ చీల్చండి. పైన మాత్రమే కప్పి, పక్కల గాలి ఆడనివ్వండి. గట్టి కలపకు ఇంకో ఏడాది పట్టొచ్చు. అప్పటిదాకా బాగా ఎండినవే కొనుక్కోండి.

3. మంట రాత్రంతా నిలవాలని పొయ్యిలోకి గాలి వెళ్లే ద్వారం పూర్తిగా మూయకండి.

4. వీటన్నిటికంటే ముందుగా పొగగొట్టం శుభ్రం చేయించండి, దయచేసి వాయిదా వేయొద్దు. పొగ పట్టి లోపల పేరుకున్న నల్లటి జిగురు అంటుకుంటే గొట్టంలోనే మంట లేస్తుంది.