స్లెడ్ కుక్కల పందెం కథ: చదువుతున్నారు కానీ అర్థం చెప్పలేకపోతున్నారు

తరగతిలో ఈ కథను పిల్లలు గడగడా చదివేసి, ప్రశ్న అడిగితే తెల్లమొహం వేస్తున్నారంటే లోపం చదవడంలో లేదు. కథ మొదలుపెట్టే ముందు మీరు బట్టీ పట్టించిన ఇరవై కొత్త మాటల జాబితాలో ఉంది. కుక్కలు మంచు మీద బండి లాగే దృశ్యం కళ్లముందు లేకపోతే ఆ మాటలు గుర్తుండవు.

1. మాటలు ఆరింటికి తగ్గించండి: మషర్ (కుక్కల బండి తోలే మనిషి), స్లెడ్ (మంచు మీద జారే బండి), లీడ్ డాగ్, వీల్ డాగ్, జీ, హా.

2. చాలామంది వదిలేసేది ఇదే. చదివే ముందు జట్టు బొమ్మ బోర్డు మీద వాళ్లచేతే గీయించండి. అన్నిటికంటే ముందు దారి పట్టే లీడ్ డాగ్‌లు, చివర స్లెడ్‌కు దగ్గరగా వీల్ డాగ్‌లు, వెనక నిలబడి తోలే మషర్. 'వీల్' అనగానే పిల్లలు చక్రం కోసం వెతుకుతారు, స్లెడ్‌కేమో చక్రాలే ఉండవు. బొమ్మలో ఆ కుక్కల చోటు చూశాక, బండి బరువు ముందు వాటి మీదే పడుతుందని వాళ్లే చెప్పేస్తారు.

3. పిల్లల్ని వరుసలో నిలబెట్టి 'జీ' అంటే కుడికి, 'హా' అంటే ఎడమకు తిప్పండి. ఐదు నిమిషాలు చాలు.

4. ఇప్పుడు ఒక్క పేరా చదివించి ఆపండి. తర్వాత ఏమవుతుందో అడిగి, అలా అనుకోవడానికి కారణమైన వాక్యం వేలితో చూపించమనండి.

ఇది నిజంగా జరుగుతుందా అని తప్పక అడుగుతారు. 1925లో అలాస్కాలో 20 మంది మషర్లు ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ, నెనానా నుంచి నోమ్‌కు సుమారు 1,085 కిలోమీటర్లు డిఫ్తీరియా అనే గొంతు జబ్బుకు మందు చేర్చారు. ఆ దారిని మ్యాప్‌లో చూపించండి.