యూరప్‌లో కెమెరా ఛార్జింగ్: కన్వర్టర్ కొనాలా?

ప్రశ్న: వచ్చే నెల మావారూ నేనూ ప్యాకేజీ టూర్‌లో పారిస్, స్విట్జర్లాండ్, లండన్ వెళ్తున్నాం. మన కెమెరా ఛార్జర్ అక్కడ పెడితే కాలిపోతుందనీ కన్వర్టర్ తప్పనిసరి అనీ షాపులో చెప్పారు. చూస్తే అది ఇటుకంత బరువుంది, ధరా ఎక్కువే. తీసుకోమంటారా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దండీ, దయచేసి కొనకండి. మీరు వెళ్లే మూడు దేశాల్లోనూ కరెంటు మన ఇంట్లో వచ్చేలాంటిదే, 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఓల్టేజీని మార్చే కన్వర్టర్‌కి అక్కడ పనే లేదు. ఒకసారి ఛార్జర్ తిప్పి వెనకున్న సన్నటి అక్షరాలు చదవండి, ‘ఇన్‌పుట్ 100–240 వోల్ట్స్, 50/60 హెర్ట్జ్’ అని ఉంటే 120 వోల్టుల అమెరికాలోనూ 100 వోల్టుల జపాన్‌లోనూ కూడా నిక్షేపంగా పనిచేస్తుంది. ఇప్పటి కెమెరా ఛార్జర్లు దాదాపు అన్నీ ఇలాంటివే. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తూ 230 అని మాత్రమే రాసున్న మిక్సీ పట్టుకెళ్తారే, ఓల్టేజీ టెన్షన్ వాళ్లది.

మీకు తేడా వచ్చేది పిన్నుల దగ్గరే. ఛార్జర్‌కి రెండు సన్నటి గుండ్రటి పిన్నుల ప్లగ్గు ఉంటే పారిస్‌లో నేరుగా పట్టేస్తుంది. స్విట్జర్లాండ్‌లో సాకెట్ ఆరు మూలల గుంటలా లోపలికి ఉంటుంది కాబట్టి పలచగా ఉండే ప్లగ్గయితేనే దిగుతుంది, లావుపాటి గుండ్రటిది దిగదు. ఈ రెండు చోట్లా సాకెట్ పక్కన మనకున్నట్టు స్విచ్ కనపడదు, కంగారు పడొద్దు, గుచ్చితే చాలు. లండన్‌లో మాత్రం అడాప్టర్ ఉండాల్సిందే, అక్కడివి మూడు పలక పిన్నులు, పైన ఉన్న పొడుగు పిన్ను లోపలికి వెళ్తేనే కింది రెండు రంధ్రాల మూతలు తెరుచుకుంటాయి. పై రంధ్రంలో పెన్నో పుల్లో దూర్చి రెండు పిన్నుల ప్లగ్గు పెట్టేవాళ్లున్నారు, ఆ పని చచ్చినా చేయొద్దు. మీరు ఇక్కడే ఒక మంచి యూనివర్సల్ అడాప్టర్ తీసుకోండి. అది పిన్నుల ఆకారం మారుస్తుందే తప్ప ఓల్టేజీని మార్చదు, మీకు కావలసిందీ అంతే.

ఇంకో సంగతి, ఇది చాలామందికి అక్కడికెళ్లాకే తెలుస్తుంది. చాలా హోటళ్లలో తలుపు దగ్గర కార్డు పెడితేనే గదిలో కరెంటు ఉంటుంది. బ్యాటరీ ఛార్జింగ్‌కి పెట్టి కార్డు తీసుకుని టిఫినుకి దిగితే అది అక్కడితో ఆగిపోతుంది. అందుకే రాత్రి పడుకునేముందు ఒకటి పెట్టి, తెల్లారి లేవగానే రెండోది మార్చండి. కెమెరాకి టైప్-సి ఛార్జింగ్ ఉందేమో కూడా చూడండి, ఉంటే టూర్ బస్సులో పవర్ బ్యాంక్‌తోనే పని జరిగిపోవచ్చు.

విడి బ్యాటరీలూ పవర్ బ్యాంకూ చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టనివ్వరు, చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి. బ్యాటరీ కొసన మెరిసే రాగి రంగు బద్దలు తాళాలకో చిల్లరకో తగలకుండా ప్లాస్టిక్ మూత పెట్టండి, అది పోయి ఉంటే చిన్న టేపు ముక్క అంటించండి.