చైనా డ్యూటీ ఫ్రీలో కొన్న మద్యానికి ఇండియాలో సుంకం కట్టాలా?
వైన్, విస్కీ అన్నీ కలిపి 2 లీటర్లు దాటకపోతే సాధారణంగా అక్కర్లేదు, దాటితే ఆ పైదానికి కట్టాల్సిందే. డ్యూటీ ఫ్రీ అంటే సరుకు దేశం దాటిపోతోంది కాబట్టి చైనా తన పన్ను వదులుకుందని మాత్రమే. మన కస్టమ్స్ లెక్క వేరు. ఉదాహరణకు మౌతాయ్ అనే చైనా మద్యం మామూలు సీసా, ఆ ఎర్ర రిబ్బన్ కట్టిన తెల్లది, 500 మిల్లీలీటర్లు. నాలుగు తెస్తే సరిగ్గా హద్దు. ఐదోదుంటే శంషాబాద్‌లో దిగాక రెడ్ చానెల్‌లోకి, అంటే సుంకం కట్టాల్సినవాళ్ల దారిలోకి, వెళ్లి చెప్పాలి. బిల్లు, షాపువాళ్లు వేసిచ్చే సీలు కవరు ఉంటే ఎన్నైనా తేవచ్చని చాలామంది అనుకుంటారు. ఆ కవరు సెక్యూరిటీ చెక్ కోసం, సుంకం మాఫీకి కాదు. అలాగని మధ్యలో విమానం మారేటప్పుడు దాన్ని విప్పేయకండి, సీసాను చెక్‌లోనే ఆపేస్తారు. మౌతాయ్‌లో 53 శాతం ఆల్కహాల్ ఉందని టెన్షన్ వద్దు, విమానంలో నిషేధం 70 శాతం దాటిన వాటికే.