వీసా ఉన్నా విమానం ఎక్కనివ్వలేదు, టికెట్ డబ్బు రాబట్టుకోవచ్చా?

ప్రశ్న: నేను, నా భార్య పదిహేను రోజుల కోసం జర్మనీ బయల్దేరాం. ఇద్దరికీ షెంగెన్ వీసా (జర్మనీతో పాటు చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) ఉంది. తిరిగొచ్చే రోజు నాటికి నా పాస్‌పోర్టుకు ఇంకా నాలుగు నెలల గడువు మిగిలి ఉంటుంది. చెక్-ఇన్ కౌంటర్లో ‘ఆరు నెలలు లేదు, ఎక్కించడం కుదరదు’ అని నన్ను ఆపేశారు. నా భార్యకు అభ్యంతరం చెప్పలేదు గానీ ఒక్కతే వెళ్లలేక తనూ ఆగిపోయింది. టికెట్లు ఏజెంటు చేయించాడు. దారిలో ఒక దేశంలో విమానం మారాలి. అక్కడి నుంచి వేరే సంస్థ టికెట్టు, వేరే పీఎన్ఆర్. ‘పత్రాల బాధ్యత ప్రయాణికుడిదే, డబ్బు రాదు’ అంటోంది విమాన సంస్థ. ‘అవన్నీ చూసుకోవాల్సింది మీరే’ అంటున్నాడు ఏజెంటు. పాస్‌పోర్టు రెన్యువల్ చేయిస్తే పాతదాంట్లో ఉన్న వీసా పనికొస్తుందా? ఈసారి హోటల్ బుకింగు, తిరుగు టికెట్టు కాగితాలు ‘డమ్మీవి’ తనే తయారుచేసి ఇస్తానంటున్నాడు ఏజెంటు. తీసుకోవచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: మిమ్మల్ని ఆపిన ఉద్యోగి ‘ఆరు నెలలు’ అన్నది ఏ దేశపు నిబంధన చూసి? జర్మనీదా, మధ్యలో మీరు దిగాల్సిన దేశానిదా? మీ కేసు మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. జర్మనీది అనుకుని ఆపి ఉంటే ఆయన నిబంధన తప్పుగా చదివాడు, విమాన సంస్థ మీద మీకు గట్టి కేసుంది. మధ్య దేశానిది చూసి ఆపి ఉంటే సంస్థను వదిలి ఏజెంటును పట్టుకోవాలి. మీ ఉత్తరంలో ఈ సంగతి లేదు. బహుశా కౌంటర్లో మీకూ ఎవరూ చెప్పి ఉండరు.

‘పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండాలి’ అన్నది అందరి నోటా వినిపించే మాటే కానీ, ప్రపంచమంతటికీ కలిపి అలాంటి చట్టం ఒకటి లేదు. ఏ దేశం లెక్క దానిది. సింగపూర్, ఇండోనేషియా లాంటివి తమ దేశంలో అడుగుపెట్టే రోజు నుంచి 6 నెలలు అడుగుతాయి. అమెరికా అయితే అక్కడ ఉండే కాలం పూర్తయ్యాక 6 నెలలు ఉండాలంటుంది, మళ్లీ చాలా దేశాల పౌరులకు అందులోంచి మినహాయింపు ఇచ్చింది. జర్మనీ సహా షెంగెన్ దేశాలకు వర్తించేది ఐరోపా సమాఖ్య 2016/399 నిబంధన. దాని 6వ అధికరణ ప్రకారం, మీరు షెంగెన్ ప్రాంతం విడిచి వెళ్లాలనుకున్న తేదీ తర్వాత కనీసం 3 నెలలు పాస్‌పోర్టు చెల్లాలి, అది గత 10 ఏళ్లలో జారీ అయినదై ఉండాలి. మీకు నాలుగు నెలలు ఉంది. వీసా ఇచ్చేటప్పుడు కాన్సులేటు వాళ్లు చూసేది కూడా ఈ లెక్కే. మీ పాస్‌పోర్టు జారీ తేదీ ఒకసారి చూసుకోండి. అదీ పదేళ్ల లోపే అయితే జర్మనీ వరకు మీ పత్రాల్లో లోపం లేదు.

ఇక మధ్య దేశం సంగతి. ప్రయాణం మొత్తం ఒకే టికెట్టు మీద ఉంటే లగేజీ నేరుగా చివరి ఊరికి వెళ్లిపోతుంది, మీరు ట్రాన్సిట్ ప్రాంతం దాటి బయటకు రానక్కర్లేదు. చాలా దేశాల్లో దాన్ని ‘ప్రవేశం’ కింద లెక్కవేయరు. అన్నిచోట్లా అలా కాదు. అమెరికా మీదుగా వెళ్లాలంటే విమానం మారడానికైనా ఇమ్మిగ్రేషన్ దాటాల్సిందే, వీసా గానీ వీసా మినహాయింపు అనుమతి గానీ ఉండాల్సిందే. మీవి రెండు వేర్వేరు టికెట్లు. రెండు సంస్థల మధ్య ఒప్పందం లేకపోతే లగేజీ మధ్యలోనే దిగిపోతుంది. అది తీసుకోవాలంటే ఇమ్మిగ్రేషన్ దాటి బయటకు రావాలి, మళ్లీ చెక్-ఇన్ చేయాలి. బయటకు అడుగుపెట్టారంటే చట్టం దృష్టిలో మీరు ఆ దేశంలో ప్రవేశించినట్టే. ఆ దేశం 6 నెలలు అడిగేదైతే మీ నాలుగు నెలలు చాలవు. చేతి సంచీ మాత్రమే ఉండి, రెండో విమానం బోర్డింగ్ పాస్ ముందే తీసుకుని ఉంటే కొన్ని విమానాశ్రయాల్లో బయటకు రాకుండానే మారిపోవచ్చు. మీకు చెక్-ఇన్ లగేజీ ఉందా లేదా అన్నది నాకు రాయలేదు. కేసులో అదీ ముఖ్యమే.

మీ భార్యను వెళ్లనిస్తామన్నారు కదా, అది మీకు ఉపయోగపడే సంగతి. మీది ఒకే దేశపు పాస్‌పోర్టు అనుకుంటే, మధ్య దేశపు వీసా దగ్గర ఇబ్బందేమీ రాలేదని, ఆపింది గడువు ఒక్కటేనని దాంతో తేలిపోతుంది. తర్వాత విమాన సంస్థ మాట మార్చి ‘ట్రాన్సిట్ వీసా లేదు’ అంటే ఈ సంగతే ఎత్తి చూపండి.

అసలు ప్రైవేటు సంస్థకు మన పాస్‌పోర్టు చూసి ఆపే హక్కెక్కడిది అని చాలామంది అడుగుతుంటారు. 1944 నాటి షికాగో ఒప్పందంలోని 13వ అధికరణ ప్రకారం, ఏ దేశంలోకి వెళ్తే ఆ దేశపు ప్రవేశ నిబంధనలు పాటించాల్సిందే. ఆ ఒప్పందం 9వ అనుబంధం, అవసరమైన పత్రాలున్నాయో లేదో ఎక్కించే ముందు చూసే బాధ్యత విమాన సంస్థ మీద పెట్టింది. అవతలి దేశం రానివ్వకపోతే ఆ ప్రయాణికుణ్ణి వెనక్కి తీసుకెళ్లాల్సిందీ ఆ సంస్థే. పైగా జరిమానాలు. ఐరోపా సమాఖ్య 2001/51 ఆదేశం ప్రకారం సరైన పత్రాలు లేని ఒక్కో ప్రయాణికుడికి సభ్య దేశాలు విధించే గరిష్ఠ జరిమానా 5,000 యూరోలకు తగ్గకూడదు, లేదా కనిష్ఠ జరిమానా 3,000 యూరోలకు తగ్గకూడదు. ఈ భయంతో కౌంటర్లో వాళ్లు అతి జాగ్రత్తకు పోతారు. దాన్ని నేను తప్పుపట్టను. కానీ అతి జాగ్రత్తకయ్యే ఖర్చు ప్రయాణికుడి నెత్తిన రుద్దుతామంటే ఒప్పుకోనక్కర్లేదు.

ఈ మాటకు కోర్టు బలం కూడా ఉంది. కజకిస్థాన్ పౌరుడొకరు సైప్రస్‌లోని లార్నాకా నుంచి రుమేనియా రాజధాని బుకారెస్ట్ వెళ్తుంటే బ్లూ ఎయిర్ సంస్థ పత్రాలు చాలవని ఎక్కించుకోలేదు. కేసు ఐరోపా సమాఖ్య న్యాయస్థానం దాకా వెళ్లింది. పత్రాలు సరిపోవన్న విమాన సంస్థ మాటే తుది మాట కాదని, ప్రయాణికుడు కాదన్నప్పుడు ఆ పత్రాలు నిజంగా చాలవా, ఆపడానికి సహేతుకమైన కారణం ఉందా అన్నది కోర్టే తేల్చాలని 2020 ఏప్రిల్ 30న తీర్పు వచ్చింది. మా పత్రాల లెక్క తప్పినా మేం పైసా ఇవ్వం అన్న అర్థమొచ్చే షరతు టికెట్ నిబంధనల్లో ఉన్నా చెల్లదంది. ఆ తీర్పుకు మూలమైన 261/2004 నిబంధన, అంటే విమాన ప్రయాణికుల పరిహారం గురించి ఐరోపా సమాఖ్య చేసిన నిబంధన, ఐరోపా నుంచి బయల్దేరే విమానాలకు, ఐరోపా సంస్థలు ఐరోపాకు నడిపే విమానాలకు వర్తించేది. మీ మొదటి విమానం మధ్య దేశం వరకే కాబట్టి అందులోని 250 నుంచి 600 యూరోల పరిహారం మీకు రాదు. అయినా ఆ తీర్పులోని తర్కాన్ని ఏ వినియోగదారుల కోర్టు ముందైనా ఉంచవచ్చు. మీ లాయరుకు తప్పక చెప్పండి.

ఇప్పుడు సాక్ష్యం. కౌంటర్లో వాళ్లు సాధారణంగా చూసేది టిమాటిక్. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, అంటే అయాటా, నడిపే సమాచార నిధి అది. మీ పౌరసత్వం, పాస్‌పోర్టు గడువు, ఎక్కడ మారతారు, చివరికి ఎక్కడ దిగుతారు అన్నవి కొడితే ఏం కావాలో తెర మీద వస్తుంది. దిగే చోటు గడిలో ఉద్యోగి ఏం కొట్టాడన్నదే మీకు కావాల్సింది. మధ్య దేశాన్ని ట్రాన్సిట్‌గా కొడితే ఒక జవాబు వస్తుంది, గమ్యంగా కొడితే ఇంకొకటి. విమాన సంస్థకు రాతపూర్వకంగా మూడు అడగండి: ఎక్కించకపోవడానికి కారణం, ఆ రోజు టిమాటిక్‌లో వచ్చిన జవాబు ప్రతి, మీ పీఎన్ఆర్ మీద ఆ రోజు సిబ్బంది రాసిన రిమార్కులు. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాలున్న దేశాల్లో మీ పేరు మీద నమోదైన రాతలు అడిగే హక్కు మీకుంటుంది. ఫోన్లో మాట్లాడొద్దు. ఈమెయిల్ పెట్టండి, జవాబు రాకపోతే దాన్నీ దాచుకోండి. కోర్టులో మౌనం కూడా ఎదుటివాళ్ల మీదే పడుతుంది.

నోటీసు ఇచ్చేటప్పుడు మీ టికెట్టు, మీ భార్య టికెట్టు విడివిడిగా రాయాలి. ఆమెను ఎవరూ ఆపలేదు, తనంతట తానే ఆగిపోయింది అని వాదిస్తారు. ఇద్దరూ ఒకే పీఎన్ఆర్‌లో ఉంటే, మిమ్మల్ని ఆపడం తప్పని తేలితే, ఆమె నష్టం కూడా దాని ఫలితమేనని అడగవచ్చు. ఆపడం సరైనదే అయితే మాత్రం ఆమె టికెట్టు సొమ్ము సంస్థ నుంచి రావడం కష్టం.

కేసు సంగతి ఎలా ఉన్నా ఒకటి వెంటనే చేయండి. ప్రయాణం చేయనప్పుడు విమానాశ్రయ రుసుములు, కొన్ని పన్నులు చాలాచోట్ల వెనక్కి వస్తాయి, టికెట్టు ‘నాన్-రిఫండబుల్’ అయినా సరే. అడిగితేనే ఇస్తారు. రెండు సంస్థలనూ అడగండి. తిరుగు ప్రయాణం టికెట్టు ఏమైందో కూడా చూడండి. కౌంటర్ నుంచి ఊరికే వెనక్కి వచ్చేస్తే ‘నో-షో’ (ప్రయాణికుడు రాలేదు) అని రాసేస్తారు, దాంతో మిగతా ప్రయాణమంతా రద్దయిపోతుంది. విమానం కదలక ముందే తేదీ మార్పించుకుంటే చాలాసార్లు కొంతైనా దక్కుతుంది. మీ పీఎన్ఆర్‌లో నో-షో అని ఉందా, పత్రాల కారణంగా ఆపేశామని ఉందా అన్నది ఆ రిమార్కుల్లోనే తేలుతుంది. ప్రయాణ బీమా ఉంటే పాలసీలో మినహాయింపుల పేజీ చదవండి. పత్రాలు చాలక ఆగిపోతే డబ్బివ్వమని చాలా పాలసీలు రాసుకుంటాయి, కాబట్టి దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

ఏజెంటు అన్నదాంట్లో సగం నిజం. పాస్‌పోర్టు, వీసా చూసుకోవాల్సింది ప్రయాణికుడే. కానీ టికెట్టును రెండు ముక్కలు చేసింది మీరు కాదు, ఆయన. మిమ్మల్ని ఆపింది మధ్య దేశపు నిబంధనే అయితే, ఒకే టికెట్టు మీద చాలాచోట్ల అక్కర్లేని ఆ నిబంధన, ఆయన వేర్వేరు టికెట్లు చేసినందుకే మీకు అడ్డొచ్చినట్టు. మధ్యలో లగేజీ తీసుకుని ఇమ్మిగ్రేషన్ దాటాలని టికెట్టు అమ్మేముందు ఆయన చెప్పాడా? చెప్పకపోతే అది సేవాలోపమే. ఆయనతో నడిచిన వాట్సాప్ సందేశాలు, బిల్లు, ఇచ్చిన ప్రయాణ వివరాల కాగితం భద్రపరచండి. ‘చవగ్గా వస్తే చాలు, విడి టికెట్లయినా ఫర్వాలేదు’ అని మీరే రాసి ఉంటే మాత్రం కేసు నీరుగారిపోతుంది.

గడువు విషయం. విమాన ప్రయాణాలకు సంబంధించిన 1999 మాంట్రియల్ ఒప్పందం 35వ అధికరణ దావాకు 2 ఏళ్ల గడువు పెట్టింది. అసలు ఎక్కించకపోవడం ఆ ఒప్పందం చెప్పే ‘ఆలస్యం’ కిందికి రాదని, స్థానిక ఒప్పంద చట్టం, వినియోగదారుల చట్టం చూడాలని చాలా కోర్టులు అన్నాయి. ఏ చట్టం వర్తిస్తుందన్న చర్చ లాయర్లకు వదిలేయండి. మీరున్న చోట అంతకన్నా తక్కువ గడువు లేకపోతే ఆ 2 ఏళ్లలోపే ఫిర్యాదు వేసేయండి.

పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకోండి, భయం లేదు. పాతదాంట్లో అతికించిన షెంగెన్ వీసా గడువు ఉన్నంతకాలం పాత, కొత్త పాస్‌పోర్టులు రెండూ వెంటపెట్టుకుని వెళ్లవచ్చు. అమెరికా వీసాకూ అంతే. పాతదాన్ని రద్దు చేసేటప్పుడు వీసా ఉన్న పేజీ మీద ముద్ర వేయకుండా, కత్తిరించకుండా ముందే చెప్పండి. కొత్తదాంట్లో పేరు అక్షరం తేడా లేకుండా చూసుకోండి. వీసా ఇచ్చిన కాన్సులేటుకు ఒక ఈమెయిల్ పెట్టి, వాళ్ల జవాబు ప్రింటు తీసి ఉంచుకుంటే కౌంటర్లో వాదన తగ్గుతుంది. కాగితం మీద లేని అనుమతుల సంగతి వేరు. అమెరికా ఎస్టా, బ్రిటన్ ఈటీఏ (వీసా అక్కర్లేని దేశాల పౌరులు ముందుగా ఆన్‌లైన్లో తీసుకునే ప్రయాణ అనుమతులు) పాస్‌పోర్టు నంబరుకు ముడిపడి ఉంటాయి, నంబరు మారితే మళ్లీ తీసుకోవాల్సిందే. బ్రిటన్ ఈ-వీసా ఉన్నవాళ్లు తమ ఖాతాలో కొత్త నంబరు చేర్చాలి.

డమ్మీ కాగితాల జోలికి మాత్రం పోవద్దు. విమాన సంస్థ దగ్గర డబ్బు కట్టకుండా కొన్నాళ్లు ఆపి ఉంచిన నిజమైన రిజర్వేషన్ తప్పు కాదు, ఉచితంగా రద్దు చేసుకునే హోటల్ బుకింగూ తప్పు కాదు. ఆ పీఎన్ఆర్ వెతికితే దొరుకుతుంది, ఆ హోటల్లో మీ పేరు ఉంటుంది. ఏజెంటు కంప్యూటర్లో పీడీఎఫ్ దిద్ది ఇచ్చేది మాత్రం ఫోర్జరీ. దాన్ని చూపించేదీ, దాని మీద సంతకం పెట్టేదీ మీరే. అమెరికాలో ఉద్దేశపూర్వకంగా తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే, ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప, జీవితాంతం ప్రవేశం ఉండదు. బ్రిటన్‌లో దరఖాస్తులో మోసం చేస్తే 10 ఏళ్ల నిషేధం. పైగా అక్కడ తప్పుడు కాగితం దరఖాస్తుదారుకు తెలియకుండా వచ్చినా దరఖాస్తు తిరస్కరించవచ్చు. ‘ఏజెంటు పెట్టాడండీ, నాకు తెలియదు’ అంటే ఎవరూ వినరు. ఏజెంటు చేతిలో ఫైలు పెట్టి నిశ్చింతగా ఉండే అలవాటు మనవాళ్లలో బాగా ఉంది. ఫైల్లో ప్రతి కాగితం మీరే ఒకసారి చదవండి.

మీరు అడగలేదు గానీ, ఇకముందు ఏ వీసా ఫారం నింపినా ‘మీకు ఎప్పుడైనా వీసా నిరాకరించారా, సరిహద్దులో ప్రవేశం నిరాకరించారా’ అన్న ప్రశ్న వస్తుంది. మిమ్మల్ని ఆపింది విమాన సంస్థ, ఏ దేశపు ప్రభుత్వమూ కాదు. కాబట్టి ఆ ప్రశ్నకు ‘లేదు’ అని రాయడం అబద్ధం కాదు. విమానం ఎక్కనివ్వలేదా అని విడిగా అడిగే ఫారం ఏదైనా ఎదురైతే మాత్రం జరిగింది జరిగినట్టు రాసి, విమాన సంస్థ రాతపూర్వకంగా ఇచ్చే కారణాన్ని జత చేయండి.