అమెరికాలో బస్సు లైసెన్సు పరీక్ష: రూలు కేంద్రానిది, క్యూ రాష్ట్రానిది

"అమెరికాలో లైసెన్సులిచ్చేది రాష్ట్రాలే కదా, మరి పరీక్ష రూల్స్ కేంద్రం చెప్పినట్టు ఎందుకు మార్చుకుంటున్నాయి? గ్రీన్ కార్డు వచ్చిన మా తమ్ముడు బస్సో ట్రక్కో నడుపుదామనుకుంటున్నాడు. ఇప్పుడు మరీ కష్టమైపోయిందా?" అని మీరు అడిగారు.

నేను స్కూలు బస్సు నడుపుతాను. పొడుగాటి పసుపు బస్సు, సీటుకి ముగ్గురు చిన్నపిల్లల చొప్పున డెబ్భై మందికి పైగా పడతారు. కాబట్టి దీనికి జవాబు చెప్పే హక్కు నాకుందనే అనుకుంటున్నాను. ఏ రాష్ట్రమో మాత్రం చెప్పను. కింద ఒక పరీక్షాధికారి సంగతి రాయబోతున్నాను. ఆవిడ ఇంకా అక్కడే పనిచేస్తోంది, నేను మళ్ళీ ఏదో ఒకరోజు ఆవిడ ముందు నిలబడాల్సినదాన్నే.

ముందు కారు లైసెన్సు మాట పక్కన పెట్టేయండి. దాని పరీక్ష పూర్తిగా రాష్ట్రం ఇష్టం. 2025 మే 7 నుంచి ఎయిర్‌పోర్టుల్లో అడుగుతున్న రియల్ ఐడీ అంటారా, అది మీరు మీరేనని రుజువు చేసుకునే కాగితాల గోల. స్టీరింగుతో దానికి పని లేదు. కేంద్రం చెయ్యి పెట్టేది కమర్షియల్ లైసెన్సులో, అందరూ సీడీఎల్ అంటారే, అందులో. 1986లో చట్టం చేశారు. అంతకు ముందు చాలా రాష్ట్రాల్లో కారు లైసెన్సుతోనే పెద్ద ట్రక్కు ఎక్కి వెళ్ళిపోవచ్చు. ఒక్కో డ్రైవరు రెండు మూడు రాష్ట్రాల లైసెన్సులు జేబులో పెట్టుకుని, ఒకదాని మీద చలానాలు ఎక్కువైతే ఇంకోటి తీసి చూపించేవాడు. ఆ ఆట కట్టించడానికి, మనిషికి ఒకే లైసెన్సు, పరీక్షకి కనీసం ఇంత అని ఒక గీత గీశారు. ఇచ్చేది మాత్రం ఇప్పటికీ రాష్ట్రమే. ఆ గీత కిందికి దిగితే హైవే నిధుల్లో కోత పడుతుంది. రాష్ట్రాలు "మార్చుకుంటున్నాయి" అని మీరు మర్యాదగా అన్నారు గానీ, కరెంటు మీటరు ఓనరు చేతిలో ఉన్నప్పుడు అద్దెకున్నవాడు మాట వినక చస్తాడా!

నా బాధల్లా రూలుతో కాదు. కేంద్రం చెప్పిన రోజుకీ, అది మన ఊరి కౌంటరు దాకా వచ్చే రోజుకీ మధ్య ఒక గొయ్యి ఉంటుంది. అందులో పడేది మనమే. కొత్త డ్రైవర్లు పరీక్షకి ముందే రిజిస్టరైన చోట శిక్షణ తీసుకోవాలన్న రూలు చూడండి. 2016 డిసెంబరులో రాశారు. 2020 ఫిబ్రవరి 7న మొదలవ్వాలి. కేంద్రం రిజిస్ట్రీ సిద్ధం కాలేదు, రాష్ట్రాల కంప్యూటర్లూ కాలేదు. 2022 ఫిబ్రవరి 7కి తోశారు. ఐటీలో ఇరవై ఏళ్ళుగా ఉన్న మా ఆయనకి ఈ సంగతి చెప్తే, "రెండేళ్ళేనా లేటు? పర్లేదు, బాగానే చేశారు" అన్నారు.

ఆ రూలు వచ్చిన ఆరు నెలలకి నేను దిగాను. పిల్లలిద్దరూ హైస్కూలుకి వచ్చేశారు. హెచ్-4 మీద, అంటే మా ఆయన వీసాకి తోకలా వచ్చే వీసా మీద, తొమ్మిదేళ్ళు ఇంట్లో కూర్చున్నాను, గ్రీన్ కార్డు వచ్చాక ఏ డేటా కోర్సో చెయ్యమని అందరూ చెప్పేవాళ్ళే. నాకేమో బండి నడపడం ఇష్టం. మా నాన్న ఆర్టీసీ డ్రైవరు, తెనాలి డిపో. మా ఊళ్ళో ఆ మాట గర్వంగా చెప్పుకునేదాన్ని. ఇక్కడ తలా ఒక వంట తెచ్చుకుని కలిసే మన వాళ్ళ పాట్‌లక్కుల్లో "నేను బస్సు డ్రైవర్ని" అంటే మాత్రం ఎదుటివాళ్ళ మొహంలో అరక్షణం ఏదో ఆగిపోతుంది. తర్వాత "ఓ, వాలంటీరింగా?" అంటారు. వాలంటీరింగు కాదమ్మా, జీతం ఇస్తారు, హెల్త్ ఇన్సూరెన్సు కూడా ఇస్తారు, మీ ఆయన లేఆఫ్ అయినప్పుడు అడుగు చెప్తాను. సరే, అది వేరే కథ.

స్కూలు వాళ్ళే శిక్షణ ఇచ్చారు, పైసా కట్టలేదు. రాతపరీక్షలు నాలుగు: జనరల్, ప్యాసింజరు, ఎయిర్ బ్రేకులు, స్కూలు బస్సు. ఒక్కోదాంట్లో 80 శాతం రావాలి. అవేం లెక్క కాదు, ఎంసెట్ రాసిన జాతి మనది. లెర్నర్ పర్మిట్ చేతికొచ్చాక 14 రోజులు ఆగితే గానీ డ్రైవింగు పరీక్షకి రానివ్వరు. అదీ కేంద్రం రూలే. నేను 14 కాదు, 40 రోజులు ఆగాను. ఎందుకంటే శిక్షణ అయిపోయిందని స్కూలు వాళ్ళు కేంద్రం రిజిస్ట్రీలో ఎక్కించారు, అది రాష్ట్రం కంప్యూటర్లో కనపడలేదు. "మా స్క్రీన్ మీద లేదు" అని కౌంటరులో మొదటిసారి తిప్పి పంపారు. నా ఫోనులో స్కూలు వాళ్ళ మెయిలు ఉంది, చూపించాను. "మా స్క్రీన్ మీద ఉండాలి." అంతే.

ఇక అసలు రోజు. అక్టోబరు, పొద్దున్న ఏడున్నర, చేతులు కొంకర్లు పోయే చలి. పరీక్ష మూడు భాగాలు. మొదట బండి చుట్టూ తిరుగుతూ ఒక్కో భాగాన్నీ తాకి, పేరు చెప్పి, అది బాగుందని ఎలా తెలుస్తుందో చెప్పాలి. తర్వాత కోన్ల మధ్య వెనక్కి నడపడం. ఆ తర్వాతే రోడ్డు. మొదటిది పోతే మిగతావి లేవు, ఇంటికే. నేను మొదటిదాన్ని సహస్రనామం బట్టీపట్టినట్టు పట్టాను. ఫ్రిజ్ మీద కాగితం అంటించుకుని దోసెలు వేస్తూ వల్లించేదాన్ని. ఆల్టర్నేటరు, వాటర్ పంపు, ఎయిర్ కంప్రెసర్, స్టీరింగు గేరు బాక్సు, దానికి తగిలించి ఉండే పిట్‌మన్ ఆర్మ్ అనే కడ్డీ, డ్రాగ్ లింక్, ప్రతిదాని వెనకా తోకలాగా "గట్టిగా బిగించి ఉంది, వంగలేదు, పగల్లేదు, కారట్లేదు". నాన్నకి వీడియో కాల్లో అప్పజెప్తే ఆయన సగం వాటికి తన పేర్లు చెప్పేవాడు. లీఫ్ స్ప్రింగులంటే "ఓ, కమాన్ కట్టలా!" అని ఒకటే నవ్వు.

ఆ తోకలన్నీ తప్పులేకుండా చెప్పాను. చివర్లో డ్రైవరు సీట్లో కూర్చుని ఎయిర్ బ్రేకు పరీక్ష. ఇది ఒక్క ముక్క తప్పినా మొత్తం ఫెయిలు. ఇంజను ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, పార్కింగు బ్రేకు తీసి, కాలి బ్రేకు గట్టిగా తొక్కిపట్టి ఒక నిమిషం గాలి ఒత్తిడి చూపించే ముల్లు చూడాలి. నా బండిలాంటి దానికి ఆ నిమిషంలో 3 పాయింట్లకి మించి పడకూడదు. ఇదే లీకు పరీక్ష. తర్వాత పెడలు తొక్కుతూ గాలి దింపాలి. ముల్లు 60 కిందికి పోకముందే బజరు మోగాలి. ఇంకా తొక్కితే 45కీ 20కీ మధ్య పార్కింగు బ్రేకు పసుపు నాబు దానంతటదే టప్పుమని బయటికి రావాలి.

కాలు పెట్టి తొక్కాను. ముల్లు చూశాను. ఒకటి, రెండు, మూడు... నాకు లెక్క ఎప్పుడూ తెలుగులోనే. కూరగాయల కొట్లో చిల్లరైనా, యోగాలో ఊపిరైనా అంతే. అరవై దాకా లెక్కపెట్టాను, మనసులో. ముల్లు కదల్లేదు. కాలు తీసేసి బజరు పరీక్షలోకి వెళ్ళిపోయాను. బజరు మోగింది, నాబు కొట్టుకుంది, "అయిపోయిందండీ" అన్నంత ధీమాగా ఆవిడ వంక చూశాను.

ఆవిడ ప్యాడ్ మీద ఏదో గీసి, "లీకు పరీక్ష చెయ్యలేదు నువ్వు" అంది.

చేశానన్నాను. నిమిషం తొక్కిపట్టాను కదా, చూశారు కదా.

"నువ్వు బ్రేకు మీద కాలేసి ఊరికే కూర్చున్నావు. ఏం చూస్తున్నావో, ఎంతసేపో, ఎంత పడితే తప్పో, ఒక్కటీ చెప్పలేదు. నీ బుర్రలో ఉన్నదానికి నేను మార్కులెయ్యలేను."

తెలుగులో లెక్కపెట్టానని చెప్పాను. నవ్వలేదు. కోప్పడనూ లేదు. "పైకి, ఇంగ్లీషులో" అని కాగితం చించి ఇచ్చింది. ఆవిడ తప్పు లేదు, కేంద్రం నిబంధనే అంత. రాతపరీక్ష వేరే భాషలో పెట్టుకునే వీలు అప్పటికి రాష్ట్రాలకి ఉంచారు గానీ, డ్రైవింగు పరీక్షలో దుబాసీ ఉండకూడదు, మాటలన్నీ ఇంగ్లీషులోనే. 2011లో రాసిన రూలు, రాష్ట్రాలు పాటించాల్సిన గడువు జరిపి 2015 జులై 8 చేశారు. ఆ రోజు బస్సుని వెనక్కి తీసుకెళ్ళింది మా ట్రైనరే. నేను ప్యాసింజర్ సీట్లో ఏడుపు ఆపుకుంటూ కూర్చున్నాను. మళ్ళీ డేటు దొరకడానికి మూడు వారాలు.

ఇక్కడే నా అభిప్రాయం చెప్తాను, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా సరే. ఆ మొదటి భాగం కొలిచేది బండిని చూసే కన్నుని కాదు, నోటిని. నాకు పిట్‌మన్ ఆర్మ్ పేరు పరీక్షకి నెలన్నర ముందే వచ్చు, అది వంగితే ఎలా ఉంటుందో మూడేళ్ళు నడిపాక కూడా చూడలేదు. అదే, ఒక జనవరి పొద్దున్న అయిదుంబావుకి యార్డులో వెనక చక్రం దగ్గర సన్నగా సుయ్యిమని వినపడితే బండి తియ్యకుండా ఆపేశాను. గాలి గొట్టం చీలింది. అది నాకు ఏ కాగితమూ నేర్పలేదు. చిన్నప్పుడు నాన్న డిపోలో బస్సు చుట్టూ తిరుగుతూ తల ఒక పక్కకి వంచేవాడు, అది చూసి వచ్చింది.

2022 జనవరిలో, స్కూలు బస్సులకి డ్రైవర్లు దొరక్క దేశమంతా అల్లాడుతుంటే, కేంద్రమే ఒక మెట్టు దిగింది. ఇంజను మూత కింద భాగాలు చెప్పే ముక్కని స్కూలు బస్సు వాళ్ళకి రాష్ట్రాలు కావాలంటే వదిలెయ్యచ్చంది. మిగతాదంతా మామూలే. అలా తీసుకున్నవాళ్ళు స్కూలు బస్సు మాత్రమే, అదీ రాష్ట్రం లోపలే నడపాలి. తాత్కాలికమని మొదలుపెట్టి తర్వాత పొడిగించారు. "కావాలంటే" అన్న మాట చూశారా? నేను పరీక్షకి వెళ్ళినప్పుడు మా రాష్ట్రానికి ఇంకా కావాల్సి రాలేదు. పక్క రాష్ట్రంలో ఉన్న నా ఫ్రెండు మూత ఎత్తకుండానే పాసైంది. గట్టిగా బిగించడానికి రాష్ట్రాలు గడువులడుగుతాయి, వదులు చెయ్యడానికీ గడువులడుగుతాయి. నాన్నకి చెప్తే ఆయన పక్షం మార్చేశాడు. "ఇంజను తెలియకపోతే డ్రైవరెట్టా అవుతాడమ్మా, రోడ్డు మీద ఆగిపోతే ఏం చేస్తావు?" అన్నాడు. ఫోన్ చేస్తాను నాన్నా, ఇక్కడ బానెట్ ముట్టుకుంటే మెకానిక్కు నన్ను తిడతాడు అన్నాను. ఆయనకి నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు.

మీ తమ్ముడి విషయం. ఇప్పుడు కొన్ని రాష్ట్రాలు కొత్త రకం పరీక్షకి మారాయి. అందులో చెక్‌లిస్టు కాగితం చేతిలో పట్టుకోవచ్చు, పారలల్ పార్కింగూ, మలుపు తిప్పుతూ వెనక్కి సందులోకి పెట్టే ఆలీ డాకూ లేవు. కాబట్టి యూట్యూబులో ఎవరిదో వీడియో చూసి ప్రాక్టీసు చెయ్యొద్దు, వాళ్ళ రాష్ట్రం మాన్యువల్ దించుకోమనండి. శిక్షణకి కేంద్రం ఇన్ని గంటలని ఏమీ పెట్టలేదు, కాబట్టి "కేంద్రం రూలు ప్రకారం 160 గంటలు తప్పనిసరి" అని వేలకి వేలు అడిగే ప్రైవేటు స్కూళ్ళని రెండుసార్లు ప్రశ్నించమనండి. ఇంగ్లీషు మాటకొస్తే, ట్రక్కు నడిపేవాళ్ళకి ఆ నిబంధన ఎప్పటినుంచో ఉంది. 2025 జూన్ 25 నుంచి తనిఖీలో ఇంగ్లీషు రాదని తేలితే అక్కడికక్కడే బండిలోంచి దింపేస్తున్నారు. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి అతనికి మామూలు సీడీఎల్లే వస్తుంది. వీసాల మీద ఉన్నవాళ్ళకి మాత్రం 2025 సెప్టెంబరులో కేంద్రం దాదాపు తలుపులు మూసేసింది, అది కోర్టుకీ ఎక్కింది. అలాంటివాళ్ళు అప్లై చేసే రోజున ఒకసారి చూసుకోవాలి.

కష్టమా అంటే, బండి నడపడం కష్టం కాదు. పైకి మాట్లాడుతూ నడపడం కష్టం. మన ఇళ్ళల్లో పని చేసుకుంటూ నోరు మూసుకోవడమే మర్యాదని నేర్పారు కదా. రెండోసారి వెళ్ళే ముందు మూడు వారాలు మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో ప్యాడ్ పెట్టి, ఎగ్జామినర్ని చేశాను. డైనింగు టేబులే బస్సు. "నేనిప్పుడు బ్రేకు తొక్కుతున్నాను, ఒక నిమిషం పట్టుకుంటాను, మూడు పాయింట్లకి మించి పడకూడదు" అని అరిచి చెప్తుంటే మా చిన్నది హెడ్‌ఫోన్లు పెట్టుకునేది. రెండోసారి పాసయ్యాను, అదే ఆవిడ దగ్గర. మీ తమ్ముడికీ ఇంట్లో ఎవర్నైనా కూర్చోబెట్టమనండి, బస్సు గురించి ఏమీ తెలియనివాళ్ళైతే ఇంకా మంచిది. మా ఆయన ఇప్పటిదాకా నా బస్సు కింద తల పెట్టి చూసింది లేదు. అర్ధరాత్రి లేపి పిట్‌మన్ ఆర్మ్ గురించి అడగండి, గట్టిగా బిగించి ఉంది, వంగలేదు, పగల్లేదు అని చెప్పేస్తారు.