వలస పోతున్నాయా, మరలిపోతున్నాయా?

సందేహం: మేము కొందరం మిత్రులం ఏటా మాఘ ఫాల్గుణాల్లో తీరిక చూసుకొని గోదావరి లంకల వెంట, కొల్లేటి గట్ల వెంట పక్షులను చూడడానికి వెళ్తుంటాము. ఈ ఏడు చూసినవాటిని గురించి ఒక చిన్న వ్యాసం రాసి, దానికి ‘వసంతారంభంలో మన తీరాల నుంచి వలస వెళ్తున్న పక్షులు’ అని పేరు పెట్టాను. అది చదివిన మా మాస్టారు, ‘అవి వలస వెళ్ళడం లేదు, వలస ముగించుకొని ఇంటికి వెళ్తున్నాయి, పైగా ఫాల్గుణంలో వసంతం ఎక్కడిది?’ అన్నారు. ఆయన మాట సరైనదేనా? అయితే ఆ ప్రయాణాన్ని ఏమనాలి? ఇసుకతిన్నె మీద జంటగా కనిపించిన కాషాయరంగు బాతుకు మావాళ్ళెవరికీ తెలుగు పేరు తెలియలేదు. దానికి పేరేదైనా ఉన్నదా?

సమాధానం: మీ మాస్టారు అన్న రెండు మాటల్లో రెండోది త్వరగా తేలిపోయేది కనుక ముందు దానిని చూద్దాం. మన లెక్కలో చైత్ర వైశాఖాలు వసంతం, మాఘ ఫాల్గుణాలు శిశిరం. ఫిబ్రవరి చివరి రోజులను వసంతారంభం అనడం చలిదేశాల పుస్తకాలు చదివి మనం తెచ్చుకున్న అలవాటు. ఆ రోజులకు శిశిరాంతం అనే పేరు మనకు ఉండనే ఉంది. అది బరువుగా తోస్తే ‘చలి వెనకబట్టే రోజులు’ అని రాయండి. శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ వెళ్ళిపోతుందనే నానుడి మనవాళ్ళందరూ ఎరిగినదే. చలికాలానికి వచ్చిన పక్షులు కూడా ఇంచుమించు అప్పటినుంచే కదలడం మొదలుపెట్టి, ఏప్రిల్ నాటికి చాలావరకు వెళ్ళిపోతాయి కాబట్టి మీ వ్యాసానికి శివరాత్రిని మించిన కాలసూచన దొరకదు.

ఇక వలస. ఇది అచ్చమైన తెలుగు మాట. బ్రౌన్ తన నిఘంటువులో దీనికి ఇచ్చిన అర్థం, శత్రుసైన్యానికి భయపడి ఉన్న ఇల్లు విడిచి పరదేశానికో దూరప్రాంతానికో పోవడం అని. ఆనాటి వలసలో భయం ఉంది, సొంత చోటును వదులుకోవడం ఉంది. తిరిగి రావడమనే భావం మాత్రం ఆ వివరణలో లేదు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినచోటనే పాకలు వేసుకొని స్థిరపడితే ఆ కొత్త ఊరికి కూడా వలస అనే పేరే నిలిచింది. ఉత్తరాంధ్రలోని ఆమదాలవలస, కొత్తవలస వంటి ఊళ్ళ పేర్లలో మనకు కనిపించేది ఈ అర్థమే. వలసపాలన, వలసరాజ్యం అన్నప్పుడు మనం చెప్పదలచుకునేది కూడా ఒక జాతి వేరొకరి నేల మీద పాతుకొనిపోవడాన్నే కదా. ఈ పాత అర్థాలను గట్టిగా పట్టుకుంటే ఏటా వచ్చి ఏటా వెళ్ళే పక్షికి వలస అనే మాటే చెల్లకుండా పోతుంది.

అయితే మాట ఎక్కడ పుట్టిందో అక్కడే ఉండిపోదు. పాలమూరు కూలీల వలసలు తెలుగునాట అందరూ ఎరిగినవి. ఊళ్ళో పని లేని నెలల్లో బొంబాయికో పూనాకో పోయి, తొలకరి వేళకు మళ్ళీ ఇల్లు చేరినవాళ్ళు వారిలో ఎందరో ఉన్నారు. వారి మూలంగా వలస అనే మాటకు ‘ఒక కాలానికి పోయి మరొక కాలానికి తిరిగివచ్చే పోక’ అనే అర్థం వాడుకలో గట్టిపడింది. పక్షుల పట్ల మనం వాడుతున్నది ఈ అర్థాన్నే కాబట్టి ‘వలస పక్షి’ అనే మాటకు తప్పు పట్టవలసిన పని లేదు. దేశ్యపదానికి సంస్కృతపదం తగిలించారని ఎవరైనా ఆక్షేపిస్తే, మిశ్రసమాసానికి చిన్నయసూరి వ్యాకరణంలోనే చోటున్నదని, పూలమాలను కాదనని వారు వలస పక్షిని కాదనలేరని చెప్పండి. ఇరుగుపొరుగు భాషలు కూడా మన పక్షానే ఉన్నాయి. కన్నడిగులు ‘వలసె హక్కి’ అంటారు, తమిళులు పక్షులు ‘వలసై’ పోతాయంటారు. మలయాళంలో మాత్రం ‘దేశాటన పక్షి’ అనే వాడుక ఉంది. వినడానికి సొంపుగా ఉంటుంది కానీ, మనకు దేశాటనమంటే నాలుగు ఊళ్ళూ చూసి రావడం. ఏటా పోయే చోటికే పోయే పక్షికి ఆ మాట అంతగా అతకదని నాకు అనిపిస్తుంది.

మాట చెల్లుతుందని తేలింది కాబట్టి, అది ఏ దిక్కుకు చెల్లుతుందన్నదే ఇక మిగిలిన ప్రశ్న. వలసలో కాలం ఎంత మారినా ఒక అంశం మారలేదు. సొంత చోటు నుంచి పరాయి చోటుకు పోవడమే వలస. పాలమూరు కూలీ బొంబాయి నుంచి ఇంటికి వచ్చినప్పుడు ‘పాలమూరికి వలస వచ్చాడు’ అని ఎవరూ అనరు. 2020లో లాక్‌డౌన్ నాడు కూలీలు నడిచి నడిచి సొంత ఊళ్ళకు చేరుతున్నప్పుడు పత్రికలవారికి ఈ ఇబ్బంది ఎదురైంది, వారు ‘తిరుగు వలస’ అనే మాటతో దానిని దాటారు. తిరుగు టపా, తిరుగు ప్రయాణం అనే పాత వాడుకల వరుసలోనిదే కనుక అది చక్కగా ఇమిడిపోయింది. మరి పక్షికి సొంత ఊరు ఏది? ఎక్కువ నెలలు గడిపిన చోటు అందామంటే కొన్ని పక్షులకు లెక్క తారుమారవుతుంది. గూడు కట్టి పిల్లలను లేపే చోటే దాని ఇల్లు అనుకోవడం న్యాయంగా ఉంటుంది. ఈ కొలతతో చూస్తే, కార్తికంలో మన గోదావరికి రావడం వలస, ఫాల్గుణంలో వెళ్ళడం తిరుగు వలస. మీ మాస్టారి మాట నిలుస్తుంది.

మీరు చూసిన కాషాయరంగు బాతే దీనికి మంచి సాక్షి. దానికి తెలుగు పేరు లేకపోవడం కాదు, అందరికీ తెలిసిన పేరే దాని మీది నుంచి జారిపోయింది. ఒళ్ళంతా తుప్పు కలిసిన కాషాయం, తల మాత్రం వెలిసినట్టుగా లేతగా ఉండడం, ఎగిరినప్పుడు రెక్కల మీద తెల్లని వెడల్పాటి మచ్చలు తళుక్కుమనడం, నీటిలో కంటే ఇసుకతిన్నెల మీద జంటగా నిలబడడం, ఇవన్నీ చక్రవాకం గుర్తులు. దాని తద్భవమే జక్కవ. అమరకోశం ‘కోకశ్చక్రశ్చక్రవాకో రథాంగాహ్వయనామకః’ అని దీనికి పర్యాయపదాలు చెప్పింది. మళ్ళీ వెళ్ళినప్పుడు జంటలో మగదాని మెడను పరిశీలించండి. జతకట్టే కాలం దగ్గరపడేకొద్దీ దానికి పట్టెడ పెట్టినట్టు సన్నని నల్లటి వలయం తేటపడుతుంది. చలికాలం నడుమ వెళ్ళినవారికి ఇది అంత స్పష్టంగా దొరకదు.

రాత్రి కాగానే జక్కవల జంట విడిపోయి, ఏటికి చెరొక ఒడ్డున నిలిచి తెల్లవార్లూ ఒకదానికొకటి కుయ్యిడుతుందని కవిసమయం. ఈ పక్షులు రాత్రిపూట కూడా మేస్తాయి, గట్టిగా పిలుచుకుంటాయి, ఆ పిలుపులే కవులకు విరహంగా వినిపించి ఉంటాయి. మన ప్రబంధాలు ఈ జంటను మరొక ఉపమానానికి కూడా విరివిగా వాడుకున్నాయి. అది తరగతిలో విడమరచడానికి మొహమాటపడి ‘జక్కవ అంటే ఒక పక్షి’ అని సరిపెట్టి ముందుకు సాగిపోయిన అధ్యాపకుల్లో నేను కూడా ఒకణ్ణి. అలా పేరు పద్యంలో ఉండిపోయింది, పిట్ట ఇసుకతిన్నె మీద ఉండిపోయింది. ఈ జక్కవలు గుడ్లు పెట్టేది లదాఖ్, టిబెట్, మధ్య ఆసియా ప్రాంతాల ఎత్తైన సరస్సుల దాపుల్లో. అది వాటి పుట్టిల్లు, ఇది విడిది.

హంస విషయంలో మన కవులు మీ మాస్టారికే ఓటు వేశారు. సంస్కృత హంస తెలుగులో అంచ అయింది, రాజహంస రాయంచ అయింది. ఆ హంస తల వెనుక రెండు నల్లని అడ్డచారలుండే పెద్దబాతు అని చాలామంది పండితుల అభిప్రాయం. ఇది మంగోలియా, టిబెట్ సరస్సుల దగ్గర పిల్లలను లేపి, హిమాలయాలను దాటి మన దక్కను చెరువుల దాకా వస్తుంది. కావ్యాల్లో హంసలు వానలు మొదలుకాగానే మానససరోవరానికి బయలుదేరుతాయి. మేఘసందేశంలో యక్షుడు మేఘానికి కైలాసం దాకా రాజహంసలు తోడు వస్తాయని చెప్పడం ఇందుకే. నిజానికి ఈ పెద్దబాతులు వానలకు ఎంతో ముందే, శిశిరం దాటుతుండగానే వెళ్ళిపోతాయి కనుక కవుల లెక్కకూ వాటి లెక్కకూ మధ్య కొన్ని నెలల తేడా ఉంది. దిక్కు మాత్రం తప్పలేదు. మానసం వాటి ఇల్లని, ఇక్కడినుంచి అక్కడికి పోవడం మరలిపోవడమేనని కవులు ఎరుగుదురు. పులికాట్‌లోని ఫ్లెమింగోలను పత్రికలు రాజహంసలని రాస్తే కొందరు కోప్పడతారు గానీ, ‘రాజహంసాస్తు తే చంచుచరణైర్లోహితైః సితాః’ అని అమరుడు చెప్పిన లక్షణం, తెల్లని ఒళ్ళు, ఎర్రని ముక్కు, ఎర్రని కాళ్ళు, ఫ్లెమింగోకూ కొంతవరకు సరిపోతుంది. ఆ తగవు తేలే వరకు ఫ్లెమింగో అనే రాయడం నాకు ఇష్టం.

ఇంతవరకు మాస్టారి పక్షాన వాదించాను. ఇక మీ పక్షాన కూడా ఒక మాట ఉంది. మీరు కొల్లేటి గట్ల మీద గూడబాతులను, అంటే పెలికాన్లను, చూసే ఉంటారు. ఆటపాక దగ్గర అవి తప్పక కనిపిస్తాయి. పొలానికి నీళ్ళు తోడే తట్టను గూడ అంటారు. ఆ తట్టలా సాగే సంచి ముక్కు కింద ఉండడం వల్ల దానికి ఆ పేరు వచ్చిందని అనుకోవచ్చు. గూడుతో దీనికి సంబంధం లేదు. ఆటపాకలో, సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టులో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు శరత్కాలంలో చేరి గూళ్ళు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లలకు రెక్కలు రాగానే ఎండలు ముదిరేలోగా చెదిరిపోతాయి. పల్లెటూళ్ళలో ఈ పక్షులను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులతో పోలుస్తారు. ఆ పోలికలో వాటి సొంత ఊరు ఏదో చెప్పడం కూడా ఉంది. గూడు ఉన్నదే ఇల్లు అనే మన కొలతతో చూస్తే, ఫాల్గుణంలో గూడబాతులు కొల్లేటిని విడిచి వెళ్ళడాన్ని వలస అనవలసిందే. ‘మన తీరాల నుంచి వలస వెళ్తున్న పక్షులు’ అన్న మీ వాక్యం, అదే నెలలో, అదే గట్టు మీద, జక్కవకు తప్పు, గూడబాతుకు ఒప్పు. పక్షిశాస్త్రం తెలిసినవారు మాత్రం గూడబాతు పోకను దేశంలోపలి సంచారంగానే లెక్కిస్తారని గుర్తుంచుకోండి.

ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లనే మన పత్రికల్లో ‘సైబీరియా పక్షులు’ అనే మాట పాతుకుపోయింది. తేలినీలాపురంలో గూడబాతులతో పాటు, అనంతపురం సీమలోని వీరాపురంలో చింత, తుమ్మ చెట్ల మీద గూళ్ళు పెట్టే ఎర్రకాళ్ళ కొంగలను, శ్రీకాకుళం జిల్లాలోని తేలుకుంచి ఊళ్ళో చెట్ల మీది నత్తగుల్ల కొంగలను అన్నిటినీ సైబీరియా నుంచి వచ్చాయనే రాస్తుంటారు. ఈ మూడూ దక్షిణాసియా పక్షులు, సైబీరియా ముఖం ఎరగనివి. నిజంగా సైబీరియా పేరు గల పెద్ద పక్షి, సైబీరియన్ క్రేన్, రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేలల్లో శీతాకాలం గడిపేది. 2002 తరువాత అది అక్కడ కూడా కనిపించలేదు. పైగా అది కొంగ కాదు, సారసం జాతిది. సారసానికి మన పాత భాషలో బెగ్గురు అనే పేరున్నది. అసలు సైబీరియా ఉత్తరపు అంచు నుంచి పులికాట్‌కు, కోరింగ మడ అడవుల బురదకు ఏటా వచ్చేవి ఉల్లంకి పిట్టల్లో కొన్ని. పిడికిలి కంటే కాస్త పెద్దవైన ఆ పిట్టల్లో వంకర ముక్కు గల ఒక జాతికి, తిరిగి వెళ్ళే ముందు బూడిదరంగు పోయి రొమ్ము ఇటుకరంగుకు తిరుగుతుంది. మార్చి నెలలో బురద మీద అలాంటిది కనిపిస్తే దానిని నిక్షేపంగా సైబీరియా పక్షి అనవచ్చు. అంత చిన్నదాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు, అది వేరే విషయం.

మీ వ్యాసానికి ‘శివరాత్రి దాటాక గోదావరి నుంచి మరలుతున్న పక్షులు’ అని పేరు పెట్టండి. లోపల ‘తిరుగు వలస’ అనే మాటను స్వేచ్ఛగా వాడండి. చలికాలపు మకాంను విడిది అనండి. పెళ్ళివారి విడిదిలాగే అది నాలుగు రోజుల బస అని చదివేవారికి వెంటనే తడుతుంది. గూడబాతుల ప్రస్తావన మాత్రం అదే పేరాలో కలపకుండా విడిగా రాసి, వాటి పట్ల ‘వలస వెళ్తున్నాయి’ అనే మీ మొదటి వాక్యాన్ని అలాగే ఉంచుకోండి. మాస్టారికి చూపించినప్పుడు ఆ పేరా దగ్గర ఒక్క క్షణం ఆగమని చెప్పండి.