ఐదో పేజీ గురించి

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. అరకు నుంచి శృంగవరపుకోట వైపు ఘాట్ దిగుతున్న 407 లారీ, అందులో తండ్రీకొడుకుల మాటలు, చాలా బాగా కుదిరాయి. ముందు చిన్న సంగతి: కథ 1984లో నడుస్తోంది, టాటా 407 వచ్చింది 1986లో. కథను పదేళ్లు ముందుకు జరుపు, బండి కూడా పాతబడుతుంది.

అసలు ఇబ్బంది ఐదో పేజీలో ఉంది. "బ్రేకులు ఫెయిలయ్యాయి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఇరవై ఏళ్లు స్టీరింగు పట్టిన ఆ తండ్రికి అంతకంటే చాలా తెలుస్తుంది. ముందు తెలిసేది ఆయన కాలికి.

పెడల్ రాయిలా బిగిసిందంటే అనుమానం బూస్టర్ వైపు, అంటే వాక్యూమ్ సాయంతో కాలి బలాన్ని పెంచే డబ్బా వైపు. బ్రేకు పడుతుంది, కానీ సాయం లేదు కాబట్టి సీట్లోంచి లేచి తొక్కాలి. మెత్తగా స్పాంజిలా ఉంటే బ్రేకు ఆయిల్ లైన్లో గాలి చేరినట్టు. తొక్కి పట్టినా మెల్లగా కిందికి జారుతుంటే ఆయిల్‌ను బ్రేకుల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్ పాడైంది, లేదా ఎక్కడో ఆయిల్ కారుతోంది. నీ కథకు మొదటిదే సరిపోతుంది. నాన్న లేచి నిలబడి తొక్కడం పక్కనున్న కొడుకు చూస్తాడు, ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

మర్నాడు షెడ్డులో మెకానిక్ చేత వెంటనే బూస్టర్ మార్పించకు. అతను ఇంజను ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కాలి, మిగిలిన వాక్యూమ్ పోవడానికి. తర్వాత కాలు నొక్కిపెట్టే స్టార్ట్ చేస్తాడు. అంతా బాగుంటే పెడల్ కాస్త కిందికి దిగుతుంది. దిగకపోతే వెతుకులాట మొదలు. డీజిల్ ఇంజను కదా, వాక్యూమ్ కోసం వేరే పంపు ఉంటుంది, చాలా బండ్లలో బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ వెనకే. పంపు, రబ్బరు గొట్టం, వన్‌వే వాల్వు చూశాకే బూస్టర్ దగ్గరికి రావాలి. నేనొక షెడ్డులో సాయంత్రం దాకా కూర్చున్న రోజు, చివరికి దొరికింది గొట్టం అడుగున చీలిక. కంటికి కనబడలేదు, మెకానిక్ వేలికి తగిలింది. ఇలాంటి వేలు నీ కథలో కావాలి.

తిరగరాసే ముందు తెలిసినవాళ్ల బండి ఎక్కు. చదునైన చోట, చక్రాలకు రాళ్లు పెట్టి, ఇంజను ఆపి పెడల్ తొక్కుతూ ఉండు. కొన్ని తొక్కులకే బిగుసుకుంటుంది. ఆ బిగువు కాలికి తెలిశాక ఐదో పేజీ రాసి పంపు.

మీ అన్న